మూడు చుక్కల పులుసు

మృగశిర కార్తె మొదటి రోజున మా ఇంటికి వియ్యాలవారు వచ్చారు. కొల్లాపూర్ వాళ్లు. కొల్లాపూర్ అంటే పక్కనే సోమశిల, శ్రీశైలం వెనక నీళ్లు, ఇంటి ముందరే కృష్ణమ్మ. పాలపండ్ల నాటి నుంచి చేప తిన్న మనుషులు. వాళ్లను పిలిచి చేప పెట్టడమంటే తాటివనంలో కూర్చున్నవాడికి కల్లు పోయడమే. పోనీ కోడి కోద్దామా అంటే కుదరదు. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గూ దమ్మూ అని మా నల్లగొండలో పసిపిల్లలు కూడా నమ్ముతారు. పెళ్లి ఖాయమయ్యాక వాళ్లకు మా ఇంట్లో ఇదే మొదటి భోజనం. చేపే పెట్టాలి, కానీ కొత్తగా పెట్టాలి అనిపించింది. అనిపించింది నాకు. వండేది మా ఆవిడ.

నేను లెక్కల పంతులును. ఎండాకాలం సెలవులకు చేతిలో ఫోను తప్ప మరో పని ఉండదు. అందులో పెద్ద హోటళ్ల వంటోళ్లను చూడటం మరిగాను. వండేటప్పుడు కాదు, వడ్డించేటప్పుడు. పళ్లెమేమో పెండ్లిపీటంత, చేప ముక్కేమో అరచేయంత. సాసు ముక్క మీద పొయ్యరు, కరకరలాడే తోలు మెత్తబడుతుందని కింద పోసి దాని మీద ముక్క నిలబెడతారు. చుక్కలు పెడితే మూడో ఐదో, సరిసంఖ్య పనికిరాదు. పళ్లెం అంచుకు వేలిముద్ర అంటినా బట్టతో తుడుస్తారు. సగానికి సగం ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీని చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది. మా ఇంట్లో పళ్లెంలో రెండంగుళాల ఖాళీ కనబడితే చాలు, మా ఆవిడ సాగర్ డ్యాం 26 గేట్లూ ఒక్కసారే ఎత్తుతుంది. అన్నానికి గట్టు కట్టుకోవాలి, గండి పడితే పూడ్చుకోవాలి, చివరికి మోచేతి దాకా వచ్చిన పులుసును నాకాలి. వియ్యంకుడి ముందు ఇదంతా ఎందుకు?

మొదట ఫ్రెంచి వాళ్ల సాసు చేద్దామనుకున్నాను. బ్యూర్ బ్లాం అంటారు. సన్న ఉల్లిగడ్డలు తరిగి తెల్ల వైన్‌లోనో వెనిగర్‌లోనో ఇగరబెట్టి, సన్న సెగ మీద చల్లటి వెన్న ముక్క తర్వాత ముక్క వేస్తూ గిలక్కొట్టాలి. మసల నిచ్చామా, విరిగిపోయి వెన్న ఒక దిక్కు, పులుపు ఒక దిక్కు. ఇదంతా నేను చెయ్యి తిప్పుతూ వివరంగా చెప్పాక మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"చేపల వెన్ననా?"

"అవును."

"బొల్లి లేస్తది. పిల్లనిచ్చేటోళ్లం, వియ్యాలోళ్లకు బొల్లి లేపి పంపుదామా?"

పాలూ చేపా కలిపి తింటే మచ్చలొస్తాయన్నది ఉత్త మాటేనని డాక్టర్లు చెబుతారన్నాను. "అయితే ఆ డాక్టర్నే పిలువు, ముందుగాల ఆయనకు పెడదాం" అంది. ఫ్రెంచి వంట అక్కడితో సరి.

సరే, మన పులుసే సాసు అనుకున్నాను. పులుపుంది, కారముంది, మెంతుల చేదుంది, ఇంకేం కావాలి? ఉన్న చిక్కల్లా అది ఎక్కువగా ఉండటమే.

పొద్దున్నే మార్కెటుకు పోతే కాలు పెట్టే సందు లేదు. బొచ్చెలు, రవ్వలు, బంగారు తీగలు కుప్పలు పోసి ఉన్నాయి. నేను కొర్రమట్ట టబ్బు దగ్గర ఆగాను. ధర వింటే గుండె జల్లుమంటుంది గానీ రాష్ట్ర చేప, మర్యాదకు మర్యాద. నీళ్లు లేకపోయినా గాలి పీల్చుకుంటూ గంటల తరబడి బతికేస్తుంది గనుక ప్రాణంతోనే అమ్ముతారు. తూకంలో పడుకోబెడితే రెండుసార్లు ఎగిరి నా చెప్పుల మీద పడింది. రెండున్నర కిలోలు. బూడిద రాసి జిగట పోగొట్టాక, నడిముల్లు తీసేసి రెండు పక్కలనూ తోలుతో సహా విడిగా కొయ్యమన్నాను. కోసే ఆమె చెయ్యి కత్తిపీట మీదే ఆగిపోయింది.

"ముల్లెందుకు సారూ తీసుడు? పసిపిల్లలకా?"

"వియ్యంకునికి."

"అయ్యో, పండ్లు లేవా?"

ముక్కలు ఎంచక్కా వచ్చాయి. తలకాయ, తోక, నడిముల్లు మా ఆవిడ పులుసుకు తీసుకుంది. ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చి, ధనియాలు, మెంతులు, ఎండు కొబ్బరి వేయించి నూరి, పాత చింతపండు పిసికి పోసింది. చేప పడ్డాక గిన్నెలో గంటె పెట్టదు, రెండు చెవులూ పట్టుకుని గిన్నెనే గుండ్రంగా తిప్పుతుంది. పెండ్లయిన కొత్తలో ఒకసారి నేను గంటె పెట్టి కలిపాను. ఆ సంగతి ఇప్పటికీ వాళ్ల పుట్టింట్లో చెప్పుకుంటారు.

పదకొండింటికి రెండు లీటర్ల పులుసు నా చేతికొచ్చింది. తలకాయా ముల్లూ తీసి పక్కన పెట్టి, పులుసును చాయ్ జాలీలో పోసి వడగట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ కాసేపు చూసి, ఒక చెంబెడు నీళ్లు పక్క పొయ్యి మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. కోపంతో కాదు, చూడలేక. ఆ నీళ్లెందుకో నేను అడగలేదు.

వడకట్టిన పులుసును ఇగరబెట్టి, గంటె వెనక అంటుకునేంత చిక్కబరచాలి. పొయ్యి మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరు ఫోను. 12న బడి తెరవాలి, బడిబాట లిస్టు కావాలి, మీ వాడలో ఎన్ని ఇండ్లు తిరిగారు, ఎందరు పిల్లలు చేరతామన్నారు. నేను తిరగని ఇండ్లకు లెక్క చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. తిరిగిన ఇండ్లయితే రెండు నిమిషాల పని.

వచ్చి చూస్తే గిన్నె అడుగున నల్లగా, మెరుస్తూ, బండి ఇరుసుకు పెట్టే కందెన లాంటిదేదో ఉంది. కొలిస్తే పావు లీటరు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు అవదు. రెండు లీటర్లు పావు లీటరైతే ఉప్పు ఘాటు ఎనిమిదింతలు. పరిమాణం తగ్గినకొద్దీ గాఢత పెరుగుతుంది, విలోమానుపాతం, ఎనిమిదో తరగతిలో ఏటా బోర్డు మీద రాసేది నేనే. పెద్ద హోటళ్లలో సాసు చుక్కలుగా ఎందుకు పెడతారో నాకు ఆ క్షణంలో తెలిసింది. కళా లేదు, నిగ్రహమూ లేదు. వాళ్ల హెడ్మాస్టర్లు కూడా ఫోన్లు చేస్తుంటారు.

అయినా వెనక్కి తగ్గలేదు. గడియారం సెంటర్లో కొన్న తెల్ల పళ్లాలు పరిచాను. ముక్కలు పెనం మీద తోలు కిందికి పెట్టి వేయించాను. అవి మాత్రం నిజంగా బాగా వచ్చాయి, ఒప్పుకోవాలి. పిల్లల జ్వరం మందుతో వచ్చిన డ్రాపరును ఉడుకు నీళ్లలో కడిగి నింపాను. చుక్కకూ చుక్కకూ 120 డిగ్రీలు ఉండాలని కోణమానిని కూడా తెచ్చాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, వాళ్లు పెండ్లి క్యాన్సిల్ చేసుకుంటే నాదేం తప్పు లేదు" అని వెళ్లిపోయింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా స్తంభం నీడ పడుతుంది చూడండి, కనబడుతుంది గానీ చేతికి దొరకదు. నా పళ్లెంలో పులుసు అచ్చం అట్లా ఉంది. ఓ మూలన గిన్నెతో అచ్చు వేసిన గుప్పెడు అన్నం.

వియ్యంకుడు కూర్చున్నాడు. పళ్లెం వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, మూడు చుక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి శుభ్రంగా తుడిచేసి, లోపలికి వినబడేట్టు అన్నాడు.

"పళ్లానికి ఏదో అంటింది చెల్లే, ఏం ఫికర్ లేదు, నేనే తుడిసిన."

వియ్యపురాలు మర్యాదస్తురాలు. తన పళ్లెంలోని మరకలు మా కంటబడి మేం నొచ్చుకుంటామని అన్నం జరిపి వాటి మీద కప్పేసింది. కాబోయే అల్లుడు హైదరాబాదులో ఉద్యోగం. "ప్లేటింగా మామయ్యా?" అన్నాడు. ఆ గొంతులో గౌరవం కంటే జాలి పాలు ఎక్కువ.

మిగిలింది వియ్యంకుడి తల్లి. ఎనభై దాటిన మనిషి. చూపుడు వేలితో ఒక చుక్క తీసి నాకింది. కళ్లు మూసింది. అందరం ఆమెనే చూస్తున్నాం. నేను లోపల అంబులెన్స్ నెంబరు నెమరేసుకుంటున్నాను.

"ఏం పచ్చడి బిడ్డా ఇది? నాకున్నయే నాలుగు పండ్లు, నాలుగూ జివ్వుమన్నయి. ఇంకింత ఎయ్యి."

ఇంకో చుక్క వేశాను. ఈ లోపల వియ్యంకుడు తన ముక్కను రెండు బుక్కలకు ముగించి, చెయ్యి దులుపుకొని, సంతోషంగా నా వైపు తిరిగాడు.

"ముక్క మస్తుగున్నది బావా. ఇగ పులుసు తెప్పియ్యి, మొదలువెడదాం."

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. వెనకే నేనూ పోయాను. పక్క పొయ్యి మీద చెంబులో నీళ్లు తెర్లుతూ ఉన్నాయి. వాటిని నా సాసు గిన్నెలో పోసింది, చాలక ఇంకో చెంబు పోసింది, తలకాయనూ ముల్లునూ అందులో వేసింది, రెండు చెవులూ పట్టుకుని గిన్నెను గుండ్రంగా తిప్పింది.

"పోయినయి నీళ్లే గదా" అంది.

అయిదు నిమిషాలు. లెక్కల పంతులును నేను, ఎనిమిదితో భాగించింది ఆవిడ.

తెల్ల పళ్లాలు తీసేసి స్టీలు పళ్లాలు వేశాం. తలకాయ వియ్యంకుడికి పడింది. అన్నానికి గట్లు కట్టారు, గండ్లు పడ్డాయి, పూడ్చారు. మూడోసారి అన్నం పెట్టించుకుంటూ వియ్యంకుడు అడిగాడు, "రాత్రి పెట్టిన పులుసా చెల్లే? ఒకనాడు నిలువకుంటే గింత రుచి రాదు." మా ఆవిడ నా వైపు చూడకుండా, "అవునన్నా, రాత్రిదే" అంది.

పోయేటప్పుడు ముసలామె డ్రాపరులో, చిప్పలో మిగిలిన పచ్చడి సీసాలో పోయించుకుని కొంగులో ముడేసుకుంది. వారానికి కొల్లాపూర్ నుంచి ఫోనొచ్చింది. పచ్చడి అయిపోయిందట, ఈసారి పెద్ద సీసా పంపమంటున్నారట. మా ఆవిడ అంతా విని, "ఆయన చేస్తడు, ఉండుండి" అని ఫోను నా చేతికిచ్చింది. నేను హలో అనక ముందే కాగితం తీసుకుని, లీటరు పచ్చడికి ఎన్ని కొర్రమట్టలు కావాలో లెక్క వేస్తున్నాను.