కూల్చకుండా కూల్చడం ఎలా?

యార్క్‌షైర్‌లోనో లాంకషైర్‌లోనో మూడొందల ఏళ్ళ రాతి మేడ ఒకటి మీ పేరున ఉందనుకుందాం. దాని పీడ విరగడ చేసుకోవాలంటే పలుగు జోలికి మాత్రం పోకండి. కాపాడాల్సిన పాత కట్టడాలంటూ ప్రభుత్వం రాసుకున్న జాబితాకెక్కిన కట్టడాన్ని అనుమతి లేకుండా పడగొట్టడం ఇంగ్లండులో క్రిమినల్ నేరం. రెండేళ్ళ దాకా జైలు, పరిమితి లేని జరిమానా. మర్యాదస్తులు ఎంచుకునే దారి వేరే ఉంది. దాన్ని మరమ్మతు అంటారు.

పాతవాళ్ళకు ఈ తిప్పలు లేవు. 1955 ప్రాంతంలో ఇంచుమించు ఐదు రోజులకొక పెద్ద మేడ నేలమట్టమయ్యేది. నేటి కంబ్రియాలోని లోథర్ కోటకు 1957లో కప్పు ఊడదీసి, గోడల్ని వానకు వదిలేశారు. రోదరమ్ దగ్గరి వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ మీదికైతే 1946లో ఇంధన మంత్రి షిన్‌వెల్ బొగ్గు తవ్వే యంత్రాలనే పంపారు. అవి తోటంతా తవ్వుకుంటూ ఇంటి గుమ్మం దాకా వచ్చాయి. 185 మీటర్ల ముఖభాగం, మూడొందలకు పైగా గదులు. అతిథులు దారి తప్పకుండా రంగు కాగితం ముక్కలు చల్లుకుంటూ పడకగదికి వెళ్ళేవారని చెప్పుకుంటారు. 2017లో ఒక ట్రస్టు ఈ ఇంటిని 70 లక్షల పౌండ్లకు కొన్నది. అత్యవసర మరమ్మతులకని అంతకు ముందటి ఏడాదే ప్రభుత్వం ప్రకటించిన సొమ్ము 76 లక్షలు. గుర్రం కన్నా గుగ్గిళ్ళే ఖరీదు.

సరే, మన పనికి వద్దాం. కొబ్బరికాయ కొట్టాల్సింది కప్పు మీద. పిట్టగోడ వెనక సీసపు రేకు పరిచిన నీటికాలువ ఉంటుంది. దాన్ని ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా ఆకులు రాలిపోయాక, శుభ్రం చేయాలని పెద్దలంటారు. మీరు చేయకండి. వానగొట్టం మూతి దగ్గర ఒక్క పావురం చచ్చి పడితే చాలు. బయట పిట్టగోడ అడ్డం కాబట్టి పొర్లిన నీరు లోపలికే దారి చూసుకుంటుంది. గోడలో దిగబడిన దూలాల కొసలు తడుస్తాయి. చెక్కలో చెమ్మ 20 శాతం దాటితే డ్రై రాట్ అనే బూజుకు పండగే. ఇటుకల వెనగ్గా పాకి పక్క గదిలోని చెక్కను కూడా పట్టుకుంటుంది. భోజనాల బల్ల మీద తుప్పు రంగు పొడి కనిపించిందా? పనిమనిషిని తిట్టకండి. అది బూజు విత్తనం. పని దివ్యంగా సాగుతున్నదని అర్థం.

రేకు చిరిగితే కొత్తది ఒకే పొడుగు ముక్కగా వేయించి, అన్ని వైపులా మేకులు దిగ్గొట్టించండి. సీసం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. కదిలే వీలు లేకపోతే మడతపడి చీలుతుంది. పొట్టి ముక్కలుగా, మెట్లు మెట్లుగా వేసే పాత పద్ధతి మీ ఆశయానికి అడ్డు.

ఇక అసలైన ఆయుధం, సిమెంటు బస్తా. ఆ గోడలు ఇసుకరాతివి. రాళ్ళ మధ్య ఉన్నది సున్నం, మన డంగు సున్నానికి దూరపు చుట్టం. గోడలోని చెమ్మ ఆ సున్నపు సందుల్లోంచే ఆరిపోతుంది. శాస్త్రం ప్రకారమైతే సందు వెడల్పుకు రెండింతల లోతున పాతది చేత్తో గీకి, నీళ్ళు చల్లి, ఒక పాలు సున్నానికి రెండున్నర మూడు పాళ్ళ గరుకు ఇసుక కలిపి నొక్కి, కాస్త గట్టిపడ్డాక బిరుసు బ్రష్షుతో బాది, తడి గోనె కప్పి రోజుల తరబడి కాపలా కాయాలి. చంటిబిడ్డకు కూడా ఇంత సేవ ఉండదు. మీరు రాయి కోసే గ్రైండరు పట్టిన మేస్త్రీని పిలవండి. నిలువు సందు కోసేటప్పుడు చక్రం ఆగాల్సిన చోట ఆగదు. పై రాతి అంచునూ కింది రాతి అంచునూ తలో అంగుళం కోసి మరీ వస్తుంది. ఆపైన సందుల్లో సిమెంటు కూరి, పట్టీలా ఉబ్బెత్తుగా తీర్చమనండి. జారే వాన ఆ పట్టీ మీద కాసేపు విశ్రాంతి తీసుకుంటుంది. సందు మూసుకుపోయాక చెమ్మ రాతిలోంచే బయటపడాలి. చెమ్మతో వచ్చే ఉప్పు, రాతి ముఖం కిందే పేరుకుంటుంది, జనవరి మంచు ఆ రాతిని పగలగొడుతుంది. రాయి పెచ్చులూడి లోపలికి పోతుంది, సిమెంటు గళ్ళు మాత్రం తేనెపట్టులా బయట నిలబడతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెతకు రాతిలో చెక్కిన వ్యాఖ్యానం అది.

ఈలోగా ఎవరైనా బుద్ధిమంతుడొచ్చి సున్నంతోనే బాగుచేస్తానన్నాడా? క్యాలెండరు చేతికివ్వండి. అక్టోబరు నుంచి మార్చి దాకా మంచు భయం. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగితే సున్నం పని చేయరాదు. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షుల గూళ్ళు. మే నుంచి ఆగస్టు దాకా అటకలో గబ్బిలాల పురుళ్ళు, నవంబరు నుంచి మార్చి దాకా వాటి శీతనిద్ర. వాటి నివాసం కదిలిస్తే అదీ నేరమే. యజమానికి లేని భద్రత అద్దె కట్టని గబ్బిలానికి ఉంది, పోనీ లెండి, అక్కడ పుట్టింది అదే. ఇవన్నీ ఒకే గోడ దగ్గర కలిస్తే మిగిలేది సెప్టెంబరు. ఆ నెలలో యార్క్‌షైర్‌కూ లాంకషైర్‌కూ నడుమనున్న పెన్నైన్ కొండల్లో వాన.

ఖజానా కూడా మీ పక్షమే. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత ఇల్లు బాగుచేస్తే 20 శాతం. లక్ష పౌండ్ల పని చేయిస్తే ఇరవై వేలు దక్షిణ. 2012 సెప్టెంబరు దాకా ఇంకో విడ్డూరం ఉండేది. జాబితాలోని నివాసగృహానికి అనుమతితో మార్పులు చేస్తే పన్ను లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెడితే మాత్రం పన్ను. ఈ అన్యాయాన్ని 2012 అక్టోబరు 1న సరిదిద్దారు. మార్పులకూ పన్ను వేశారు.

ఇంత చేసినా ఇల్లు నిలబడే ఉందా? కంగారేం లేదు. కప్పు మీది కాలువలో ఈ ఏటి ఆకులు ఇంకా రాలలేదు.