మదింపుదారులకు సవినయ సూచనలు

పాత పెట్టెలో దొరికిన డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఎచింగుకు, అంటే రాగి పలక మీద ఆమ్లంతో గీతలు కొరికించి అచ్చు తీసిన బొమ్మకు, విలువ కట్టబోయే పెద్దమనిషి ముందుగా చేయవలసిన పని తన భూతద్దాన్ని జేబులోంచి తీయకుండా ఉండడం. తీశాడంటే గీతలకు బదులు వరుసల్లో పేర్చిన చుక్కలు కనబడవచ్చు. ఆ చుక్కల అచ్చు పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది 1880ల తర్వాత, రెంబ్రాంట్ కన్నుమూసింది 1669లో. ఇంత చిన్న తేదీల తేడా కోసం ఒక కుటుంబం మూడు తరాలుగా పెంచుకున్న గర్వాన్ని నేలపాలు చేయడం సంస్కారం కాదు.

కాగితం విషయంలోనూ ఇదే ఔదార్యం అవసరం. రెంబ్రాంట్ నాటి యూరప్ కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పడితే కాగితం తయారుచేసిన చట్రపు తీగల జాడలు సన్నని గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతలు లేని నునుపు కాగితం మీద యూరప్‌లో తొలిసారి పుస్తకం అచ్చయింది 1757లో. కాబట్టి రెంబ్రాంట్ బొమ్మ నునుపు కాగితం మీద ఉంటే, మహానుభావుడి దూరదృష్టి అని నివేదికలో రాసి ముందుకు సాగాలి.

అసలు చిక్కు పారిస్‌కు చెందిన అమాండ్ దురాండ్ వల్ల వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఈయన పాత ఉద్దండుల ఎచింగులను ఫోటో సాయంతో రాగి పలకల మీదికి ఎక్కించి, యంత్రంలో గట్టిగా నొక్కి అచ్చు తీశాడు. అందువల్ల చుక్కలు ఉండవు, కాగితం మీద పలక అంచు నొక్కుడూ ఉంటుంది, వేలితో తడిమితే సిరా గీత ఉబ్బెత్తుగా తగులుతుంది. ఇంత పనితనం ఉన్న మనిషి మోసగాడు కావడానికి అన్ని అర్హతలూ ఉండగా, వెనుకవైపు ఎర్రటి ముద్ర వేసి ఇది ప్రతిరూపమని తానే చెప్పుకున్నాడు. ఆ తప్పును సరిదిద్దే భారం తర్వాతి తరాల మీద పడింది. అలా బాగుచేసిన బొమ్మను దీపానికి ఎదురుగా పట్టుకుంటే, వెనుక బ్లేడుతో గీకిన చోట కాగితం గోరంత మేర పలుచబడి, వెలుతురు అక్కడే ఎక్కువగా దూసుకొస్తుంది. దాన్ని కాలం చేసిన గాయమని రాయాలి. ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే ఆ ప్రతిరూపానికీ ఒక మర్యాదైన చిన్న ధర పలికేది, గీకాక అదీ లేదు. అయినా చిన్న ధరల కోసం ఎవరు మదింపు చేయించుకుంటారు?

అసలు పలకల సంగతి మరీ ముచ్చటైనది. రెంబ్రాంట్ చెక్కిన రాగి పలకల్లో ఎనభై దాకా మిగిలాయి. వాటిని 1789 ప్రాంతంలో బసాన్ అనే పారిస్ వ్యాపారి సంపుటంగా అచ్చు వేశాడు. ఆ పలకలు చేతులు మారుతూ ఇరవయ్యో శతాబ్దంలోనూ యంత్రం కిందికి వెళ్లాయి. అచ్చు తీసిన ప్రతిసారీ గీత అరుగుతుంది, అరిగినచోట ఎవరో కొత్తగా గీస్తారు. చివరికి పలక రెంబ్రాంట్‌దే అయినా నీడలు మరొకరివి. దీన్ని “అసలు పలక నుంచి” అని రాస్తే అబద్ధమనడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ రంగంలో నేను నిజంగా గౌరవించేది కెప్టెన్ విలియం బెయిలీని. ఆయన 1775 ప్రాంతంలో రెంబ్రాంట్ ప్రసిద్ధ ఎచింగు ‘హండ్రెడ్ గిల్డర్ ప్రింట్’ పలక కొని, తానే గీతలు దిద్ది, అచ్చులు తీసి, ఆనక పలకనే నాలుగు ముక్కలుగా కోయించి ఒక్కో ముక్కతోనూ విడిగా అచ్చు తీశాడు. రెంబ్రాంట్‌కు ఒక బొమ్మగా తోచినదాన్ని నాలుగు సరుకులుగా చూడగలిగిన కన్ను అందరికీ ఉండదు.

ఇక అంకె దగ్గరికి వస్తే, బీమా కోసం అడిగిన యజమానికి పెద్దది చెప్పాలి, వాటాలు పంచుకునే రోజున అదే యజమానికి చిన్నది చెప్పాలి. బొమ్మ అమ్మకానికి వచ్చినప్పుడు మాత్రం, వేలంలో మొదటి చెయ్యి లేవకముందే మదింపుదారు తన రుసుము పుచ్చుకుని బయటపడడం మేలు.