నీళ్ల కూలర్ దొరగారికి ఒక విన్నపం

కంప్యూటర్ ప్రాసెసర్ వేడిని గొట్టాల్లో నీళ్లు తిప్పి లాగేసే మహారాజశ్రీ లిక్విడ్ కూలర్ దొరగారి సముఖమునకు, తిరుపతి భవానీనగర్‌లో కంప్యూటర్లు బిగించుకుని బతికే ఒక అంగడివాడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ రోహిణి కార్తె నడుస్తోంది. మధ్యాహ్నం మూడింటికి లీలామహల్ సర్కిల్ దాటాలంటే ప్రాణం మీదికి వస్తోంది. తమరు మాత్రం గాజు తలుపు వెనక ఎర్రలైటు, నీలంలైటు, మళ్లీ ఎర్రలైటు మార్చుకుంటూ చల్లగా కొలువు తీరి ఉన్నారని ఊరంతా నమ్ముతోంది. ఆ నమ్మకం గురించే ఈ ఉత్తరం.

తమరి కోసం వచ్చే పిలకాయల వరస ఇట్లా ఉంటుంది. "అన్నా, గాలిది వద్దు, నీళ్లది పెట్టన్నా." ప్రాసెసర్ ఏంది నాయనా అంటే, రైజెన్ 5 7600 అంటాడు. అది 65 వాట్ల చిప్పు. సెట్టింగులు కెలక్కుండా వదిలేస్తే ఎంత ఎగిరినా 88 వాట్ల దగ్గర ఆగిపోతుంది. దాని అట్టపెట్టెలోనే ఒక బుల్లి ఫ్యాన్ కూలర్ ఊరికే ఇస్తారు. దాని గోల భరించలేమంటే రాగి పైపులు నాలుగు, వాటికి రేకుల దొంతర, పక్కన ఫ్యానూ ఉండే టవర్ కూలర్, అదీ గాలిదే, రెండు మూడు వేలకు దొరుకుతుంది. ఈ మాట చెప్పగానే పిలకాయ మొహం చిన్నబోతుంది. స్నేహితుడి కేబినెట్లో తమరు మూడు ఫ్యాన్లతో వెలుగుతున్నారు కదా, మరి!

పక్కన నిలబడ్డ వాళ్ల నాయన అడుగుతాడు: "ఈ నీళ్లు ఎన్నాళ్లకొకసారి మార్చల్ల సామీ? బోరు నీళ్లు పోయచ్చా?" పిలకాయ సిగ్గుతో తల దించుకుంటాడు కానీ, ఆ పూటకు అంగట్లో పనికొచ్చే ప్రశ్న అడిగింది ఆ పెద్దాయనొక్కడే. సీలు వేసి వచ్చే తమరికి నీళ్లు పోసే పని లేదు. లోపల ఉన్నది ఉత్త నీళ్లూ కాదు, గ్లైకాలూ, తుప్పు పట్టకుండా మందూ కలిపిన ద్రవం. అయితే ఎంత సీలు వేసినా గొట్టాల గోడల్లోంచి ఏళ్ల తరబడి అది పిసరంత పిసరంతగా ఎగిరిపోతూనే ఉంటుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. ఆ గాలి పంపులో పడితే గుడగుడ మొదలు. అందుకే పంపుని అన్నిటికన్నా ఎత్తులో పెట్టకూడదు, నీళ్ల వేడిని గాలికి వదిలే రేకుల పలక, అదే రేడియేటర్ని పైన బిగిస్తే గాలి అక్కడికి చేరి ఊరుకుంటుంది. ఈ సంగతి పెద్దాయనకు చెబితే, "అయితే గాలి తప్పదన్నమాట" అన్నాడు. తమరి మీద ఇంతకంటే పెద్ద ఫిర్యాదు నేను రాయలేను గానీ, రాస్తాను.

చల్లదనం తమరిది కాదు దొరా. గదిలో 38 డిగ్రీలుంటే తమరి గొట్టాల్లో నీళ్లు 38కి కిందికి దిగవు. దిగలేవు. మా మిద్దె మీద గడ్డి పలకల కూలర్ ఉంది, దాని నీళ్లు బయటి గాలికి ఆవిరవుతాయి కాబట్టి గది కంటే చల్లటి గాలి కొడుతుంది. తమరి నీళ్లకు ఆ యోగం లేదు, మూసిన గొట్టాల్లో తిరగడమే వాటి బతుకు. తమరు చేసేదల్లా అలిపిరి నుంచి కొండ మీదికి ఆర్టీసీ బస్సు చేసే పని. కింద జనం పేరుకోకుండా గబగబా పైకి చేర్చడంలో తమరికి సాటి లేదు, ఒప్పుకుంటాను. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 జౌళ్లు కావాలి, గాలికైతే ఒక్కటి చాలు. గేములో ప్రాసెసర్ పది సెకన్లు రెచ్చిపోతే ఆ వేడంతా ఖాళీ కంపార్ట్‌మెంట్లలో, అంటే ఇంకా వేడెక్కని నీళ్లలో, సర్దుకుంటుంది. గంటసేపు వీడియో రెండర్ పెట్టి చూడండి. కంపార్ట్‌మెంట్లు నిండి లైను రోడ్డెక్కుతుంది. అప్పుడిక ఎన్ని బస్సులు తిప్పితే ఏం లాభం, లోపల దర్శనం ఎంత వేగంగా కదిలితే అంతే. ఆ దర్శనం రేడియేటర్ రేకుల దగ్గర, ఫ్యాన్ల దగ్గర, మా గది గాలి చేతుల్లో ఉంది.

మూడు ఫ్యాన్ల 360 మిల్లీమీటర్ల రకం అప్పుడు కూడా గెలుస్తుంది కదా అంటారు. గెలుస్తుంది, రేకుల వైశాల్యం జాస్తి కాబట్టి. అదే తమరి ఇంట్లో చిన్నవాడు, ఒంటి ఫ్యాన్ 120 రకం, మంచి టవర్ కూలర్ పక్కన నిలబడలేడు. వాడిలోనూ నీళ్లే ఉన్నాయి మరి.

ఇంకో రహస్యం. పిలకాయలు ఈసడించే ఆ "గాలి కూలర్" కడుపులో కూడా నీళ్లే. ఆ రాగి పైపులు బోలువి. లోపలి గాలి లాగేసి, కాసిని నీళ్లు పోసి మూతి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు కొద్దిపాటి వేడికే ఆవిరై పై కొసకు పరిగెత్తి, అక్కడ రేకులకు వేడి అప్పగించి మళ్లీ నీళ్లవుతాయి. పైపు లోపలి గోడకు పట్టించిన రాగి పొడి పొర వాటిని పీల్చి వెనక్కి తెస్తుంది. పంపు లేదు, కరెంటు ఖర్చు లేదు. 1940ల్లోనే అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసే గాగ్లర్ దీనికి పేటెంట్ తీసుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో గ్రోవర్ చేసి చూపించాకే లోకానికి తెలిసింది. నీళ్లున్నవాడు గాలి పేరుతో తక్కువ ధరకు బతుకుతున్నాడు, చివరికి గాలి మీదే ఆధారపడ్డ తమరు నీళ్ల పేరు చెప్పి నాలుగింతలు గుంజుతున్నారు.

తమరు బొత్తిగా పనికిరారని నేననను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాడు ఇంటెల్ ఐ9-14900కె ప్రాసెసర్ తెస్తే, 253 వాట్లు గుంజే ఆ రాక్షసుడికి 360 రకమే నేనూ బిగిస్తాను. నాక్టువా ఎన్‌హెచ్-డి15 లాంటి జంట టవర్ గాలి కూలర్ ఫ్యాన్లతో కలిపి కేజీ పావు పైమాటే, ఎత్తు 165 మిల్లీమీటర్లు. కేబినెట్ తలుపు పట్టకపోతే, ర్యామ్‌కు అడ్డమొస్తే, తమరే దిక్కు. రైజెన్ 7000 వరసలో పెద్ద చిప్పులు 95 డిగ్రీలు చూపిస్తే మాత్రం తమరి కోసం పరిగెత్తుకు రానక్కర్లేదు, అక్కడిదాకా వెళ్లేటట్టే ఏఎండీ వాటిని తయారుచేసింది.

రిపేరుకు వచ్చే తమరి బంధువుల సంగతీ చెప్పాలి. మొన్నొకటి వచ్చింది, "నీళ్లు పనిచెయ్యడం లేదు" అని. ఊడదీస్తే రాగి పలక మీద, వాడే ముందు పీకెయ్యమని రాసున్న ప్లాస్టిక్ పొర అట్లాగే ఉంది, దాని మీద శుభ్రంగా వేడి దాటించే పేస్టు పూసి ఉంది. ఇంకొకదాని రేడియేటర్ రేకుల మధ్య సాంబ్రాణి పొగ జిడ్డు, దుమ్ము, వెంట్రుకలు కలిసి చిన్న దుప్పటి నేసుకున్నాయి. వేళ్లతో లాగితే పొర పొరగా వచ్చింది.

కడపటి మనవి. గాలి కూలర్ ఫ్యాను ఆగితే కంటికి కనబడుతుంది, కొత్త ఫ్యాను తగిలిస్తే మళ్లీ తిరుగుతుంది. తమరి పంపు ఆగితే మొత్తం తమరినే మార్చాలి. అది ఆగిందని తెలిసేదెట్లా? ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, లైట్లు ఎర్రగా, నీలంగా, పచ్చగా మెరుస్తూనే ఉంటాయి, లోపల ప్రాసెసర్ నూరు డిగ్రీలు తాకి వేగం తగ్గించుకుంటూ చస్తుంటుంది. కాబట్టి దొరగారూ, పంపు ఆగిన క్షణాన ఆ లైట్లు కూడా ఆరిపోయే ఏర్పాటు చేయించగలరు.

ఇట్లు,
అంగడివాడు