హాజీపూర్ బావులకు ఉరితాడు జవాబేనా?

2020 ఫిబ్రవరి 6న మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని హాజీపూర్ హత్యల కేసులో నల్లగొండ కోర్టు ఉరిశిక్ష వేసిన రోజు ఎవరి నోట విన్నా ఒకటే మాట: "గసువంటోన్ని ఉరి తీయాల్సిందే." ముగ్గురు ఆడపిల్లల్ని పొట్టన పెట్టుకున్నవాడి మీద ఆ కోపం న్యాయమైనదే. నాకూ వచ్చింది. అయినా ఉరిశిక్షను నేను ఒప్పుకోలేను.

ఆ ముగ్గురిలో మొదటి పాప కనబడకుండా పోయింది 2015లో. నాలుగేళ్లు ఆచూకీ లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంకో అమ్మాయి ఇంటికి రాకపోతే ఊరు ఊరంతా కదిలింది. పాడుబడ్డ వ్యవసాయ బావుల్లో ఏం దాగుందో అప్పుడు గాని బయటపడలేదు. అప్పట్లో ఆ ఊరికి బస్సు లేదు. బడి నుంచి రావాలంటే నడవాలి, లేదా దారిన పోయే బండిని ఆపాలి. నెత్తిన ఎండ, భుజాన పుస్తకాల సంచి, ఊళ్లో మనిషే బండి ఆపి ఎక్కమంటే ఏ పిల్ల అనుమానిస్తుంది? ఉరిశిక్ష అప్పుడూ చట్టంలో ఉంది. వాణ్ణి ఆపలేదు. 2015లోనే దొరికి ఉంటే మిగతా ఇద్దరు పిల్లలు ఇవాళ బతికుండేవారు. నేరగాడికి భయం పుట్టేది దొరికిపోతానని తెలిసినప్పుడే.

మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్ పరువు హత్య జరిగింది 2018 సెప్టెంబరులో. తీర్పు వచ్చేసరికి 2025 మార్చి. ప్రధాన నిందితుడైన ప్రణయ్ మామ 2020లోనే చనిపోయాడు. ఉరి పడింది కిరాయికి కత్తి పట్టినవాడికి. మిగతావాళ్లకు యావజ్జీవం. వాడి మీద నాకు జాలి లేదు. కానీ ఆ కిరాయి కట్టించిన కులపిచ్చికి ఈ ఉరి తగిలిందా?

ఇంతకన్నా నన్ను భయపెట్టేది మన జిల్లా చరిత్రే. 1949లో ఇదే నల్లగొండలో స్పెషల్ ట్రిబ్యునళ్లు పన్నెండుమంది తెలంగాణ సాయుధ పోరాట కార్యకర్తలకు ఉరిశిక్షలు వేశాయి. వాళ్ల తరఫున ఇంగ్లండ్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. దేశవిదేశాల్లో ఆందోళన జరిగాక ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. ఆ పన్నెండుమందీ బతికారు. అప్పుడు తొందరపడి ఉంటే ఏ ప్రభుత్వం ఆ ప్రాణాలు తిరిగిచ్చేది?

ఘోర నేరగాళ్లను వదిలేయమని ఎవరూ అడగడం లేదు. శిక్ష తగ్గింపు లేకుండా జైల్లోనే ఉంచే వీలును 2008లోనే సుప్రీంకోర్టు చూపింది. ఉరి కోసం పెట్టే గొంతు, తప్పిపోయిన ఆడపిల్ల కోసం తల్లిదండ్రులు ఠాణా మెట్లెక్కిన మొదటి రాత్రే పెడదాం. ఆ రాత్రే వెతకమందాం.