కాలేజీ కమిటీకి తీర్పు చెప్పే అర్హత ఉందా?

(ఒక ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలు. అంశం: తోటి విద్యార్థి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే కాలేజీ అంతర్గత కమిటీ తేల్చాలా, పోలీసులకు వదిలెయ్యాలా? ఒకవైపు క్రిమినల్ లాయరు, మరోవైపు అలాంటి కమిటీ నడిపిన ఫిజిక్స్ ప్రొఫెసరు.)

లాయరు: మేడమ్, సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఫిజిక్స్ చెప్పే మీరు ఒక కుర్రాడి బతుకు మీద తీర్పు ఎలా చెబుతారు? నేరమైతే భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ ఉంది, వెంటపడితే 78 ఉంది. నేరం కాకపోతే మందలించి పంపండి. మధ్యలో మీ పంచాయితీ దేనికి?

ప్రొఫెసరు: మేం ఎవర్నీ జైలుకు పంపం సార్. సోమవారం ఆ అమ్మాయి ల్యాబ్‌కి భయం లేకుండా రాగలదా అన్నదే మా ప్రశ్న. వాడు అదే బ్యాచ్, అదే కాలేజీ బస్సు. ఎఫ్ఐఆర్ కట్టగానే బ్యాచ్ మారిపోదు కదా! యూజీసీ 2015 నిబంధనల ప్రకారం విచారణ సాగుతుండగానే ఒకర్ని వేరే సెక్షన్‌కి మార్చమని, అతన్ని ఆమెకు దూరంగా ఉండమని చెప్పొచ్చు. ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇప్పించొచ్చు. ఎస్సైగారు ఇవన్నీ చేస్తారా? పోలీసుల దగ్గరికి వెళ్తానంటే మేం అడ్డుపడం, సాయం చెయ్యాలి కూడా.

లాయరు: మీ నిర్వచనమే పెద్ద వల. 'ఇష్టపడని' ప్రవర్తన అంటారు. రెండు మెసేజ్‌లు పెట్టినవాణ్నీ, హాస్టల్ మెట్ల మీద చెయ్యి పట్టుకున్నవాణ్నీ ఒకే గాటన కట్టేస్తారు.

ప్రొఫెసరు: ఎందుకు కడతాం? కౌన్సెలింగ్ నుంచి హాస్టల్, లైబ్రరీ ఆపడం, సస్పెన్షన్, ఆఖరికి పేరు కొట్టేయడం దాకా శిక్షలు అంచెలంచెలుగా ఉన్నాయి. ఒక మెసేజ్‌కి ఎవరూ కమిటీ వెయ్యరు. వద్దన్నాక కొత్త నంబరు నుంచి మళ్లీ పెడితే మాత్రం, ఇష్టం లేదని తెలియలేదంటే నేను నమ్మను.

(లాయరు దీనికి జవాబివ్వలేదు. ఈ పాయింటు మేడమ్‌దేనని నా లెక్క. తర్వాతి దెబ్బ మాత్రం లాయరుదే.)

లాయరు: గోవా విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 2009లో ఒక విభాగాధిపతి మీద కమిటీ విచారణను హడావుడిగా ముగించింది, ఆయన ఉద్యోగం పోయింది. సహజ న్యాయం పాటించలేదని, అంటే ఆయన వాదన చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని, 2023 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, విచారణను వెనక్కి పంపింది. ఆయన కాబట్టి ఢిల్లీ దాకా పోరాడాడు. సెకండియర్ కుర్రాడి చేతిలో టీసీ పెడితే వాడెక్కడికి పోతాడు?

ప్రొఫెసరు: ఆ 14 ఏళ్లూ ఫిర్యాదు చేసిన విద్యార్థినులకు మాత్రం ఏం తేలింది? అదే తీర్పులో కోర్టు కమిటీలు రద్దు చెయ్యమనలేదు. ఎక్కడెక్కడ వెయ్యలేదో చూడమంది, సభ్యులకు శిక్షణ ఇవ్వమంది.

లాయరు: నేను మగపిల్లల వకాల్తా పుచ్చుకుని రాలేదు మేడమ్. 2025 జులైలో ఒడిశాలోని బాలేశ్వర్ ఫకీర్ మోహన్ కాలేజీలో విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసిన బీఈడీ అమ్మాయి క్యాంపస్‌లోనే ఒంటికి నిప్పంటించుకుంది. చనిపోయింది. ప్రిన్సిపల్‌ని కూడా అరెస్టు చేశారు. యాజమాన్యం దగ్గర జీతం తీసుకునేవాళ్లు అడ్మిషన్ల వేళ కాలేజీ పరువు చూస్తారా, పిల్ల గోడు వింటారా?

ప్రొఫెసరు: (కాస్త ఆగి) పరువే చూస్తారు, చాలాచోట్ల. అందుకే డీన్లు, హెచ్‌ఓడీలు కమిటీలో ఉండకూడదని ఆ యూజీసీ నిబంధనల్లోనే అన్నారు. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలన్నారు.

లాయరు: ఎన్నికా! మన ప్రైవేటు కాలేజీల్లో క్లాస్ రిప్రజెంటేటివ్‌నే సార్ వేలు చూపించి పెడతారు.

ప్రొఫెసరు: నిజమే. అయినా ఫిర్యాదు కాపీ ఏడు రోజుల్లో కుర్రాడికి అందాలి, జవాబుకు పది రోజులివ్వాలి, 90 రోజుల్లో ముగించి, తేల్చిందేమిటో ఇద్దరికీ రాసివ్వాలి. ఇవి పాటించిన కమిటీ మీద మీకేం అభ్యంతరం?

లాయరు: పాటిస్తే పెద్దగా లేదు. నచ్చనివాళ్లు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఎవరి దగ్గర? అదే సంస్థ అధికారి దగ్గర!

ప్రొఫెసరు: ఆ అప్పీలు బయటివాళ్లు వినాలని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. కమిటీని ఎత్తెయ్యమంటే మాత్రం పెట్టను.