ముప్పై దాటాక యుద్ధ విమానం ఎక్కలేమా?

సైనిక పైలట్ కావాలన్న కోరిక ముప్పై దగ్గర పుడితే, చుట్టుపక్కల వాళ్లు మొదట అనే మాట 'ఇప్పుడా?' అని. చూపు తగ్గుతుంది, చురుకు తగ్గుతుంది అంటారు. నలభై దాటాక దగ్గరి చూపు మందగించే మాట నిజమే. కానీ వయసు పరిమితికి అసలు కారణం శరీరం కంటే లెక్కల్లోనే ఎక్కువ ఉందని నా నమ్మకం.

అమెరికా వైమానిక దళంలో శిక్షణ ముగించి వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకున్న పైలట్ ఆ రోజు నుంచి 10 ఏళ్లు సర్వీసు చేయాలి. 33కు శిక్షణ మొదలుపెడితే, ఆ బాండ్ తీరేసరికి వయసు 45కు దగ్గరవుతుంది. పెట్టిన ఖర్చుకు ఎన్నేళ్ల పని దక్కుతుందో చూసుకునే దళం గీత గీస్తుంది. అందుకే అవసరం వస్తే ఆ గీత జరుగుతుంది. పైలట్ల కొరత ఉన్న సమయంలో, 2020లో, అక్కడ పరిమితిని 30 నుంచి 33కు పెంచారు. భారత వైమానిక దళంలో ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఫ్లయింగ్ బ్రాంచికి పరిమితి 24 ఏళ్లు, కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంటే 26. లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఎవరి వయసూ తగ్గదు. కొంత శిక్షణ ముందే పూర్తయి ఉంటుంది, అంతే.

ఇక్కడ నాకు మిక్ మనాక్ గుర్తొస్తాడు. 1887లో పుట్టిన ఈ బ్రిటిష్ పైలట్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యపు విమాన విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరింది 1916లో, 29 ఏళ్లకు. స్క్వాడ్రన్‌లో మొదటి వారాల్లో అతని జంకు చూసి తోటివాళ్లు పిరికివాడేమో అనుకున్నారు. నిజానికి అతను తొందరపడకుండా నేర్చుకుంటున్నాడు. ఏడాది తిరిగేసరికి కొత్తవాళ్లను వెంట తీసుకెళ్లి, పోరు ఎలా చేయాలో నేర్పి, వాళ్లను ప్రాణాలతో వెనక్కి తేవడంలో పేరు తెచ్చుకున్నాడు. 1918 జూలైలో యుద్ధంలోనే చనిపోయాడు. మరుసటి ఏడు అతనికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఇరవై ఏళ్ల కుర్రాడిలో ఆ నిదానం అంత తేలిగ్గా దొరకదు.

ఆలస్యంగా వచ్చేవాళ్లకు కష్టాలు లేవని అనను. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ఇన్‌స్ట్రక్టర్ తిడితే తల వంచుకుని వినాలి. పౌర విమానయానంలో ఒంటబట్టిన అలవాట్లు కొన్ని వదులుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల టెన్షన్ వేరు. ఫైటర్ల మీదే పట్టు పట్టకుండా హెలికాప్టర్లు, రవాణా విమానాల వైపు కూడా చూడాలి. దళాలు కూడా, ఇప్పటికే వందల గంటలు ఎగిరినవాళ్లను పుట్టిన తేదీ చూసి వెనక్కి పంపేముందు, ఒక్కసారి వైద్య పరీక్షకూ సిమ్యులేటర్ పరీక్షకూ పిలవాలి.