లేని రాష్ట్రానికి ఉన్న గవర్నర్

రాజకీయాల్లోకి రావాలనుకునే కుర్రాళ్ళు అబ్రహం లింకన్ జీవితం చదివి అనవసరంగా టైం వేస్ట్ చేసుకుంటున్నారు. నా సిఫార్సు జాన్ సెవియర్. అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి మొట్టమొదటి గవర్నర్. అక్కడ గవర్నర్ అంటే జనం ఓట్లేసి ఎన్నుకునే మనిషి, మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. ఉన్న రాష్ట్రాన్ని ఏలడానికి ముందే, లేని రాష్ట్రాన్ని ఏలి అనుభవం సంపాదించడం ఈయన గొప్పతనం.

1784లో నార్త్ కరొలైనా వాళ్ళు కొండల అవతల ఉన్న తమ పడమటి భూముల్ని కేంద్రానికి రాసిచ్చేసి, కొన్ని నెలలకే మనసు మార్చుకుని వెనక్కి తీసేసుకున్నారు. ఈలోగా అక్కడివాళ్ళు జోన్స్‌బరోలో సమావేశమై సొంత రాష్ట్రం పెట్టేసుకున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు ఫ్రాంక్లిన్! బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెడితే ఆయన మొహమాటానికైనా సాయం చేస్తాడని ఆశ. ఆయన మర్యాదగా సంతోషం వెలిబుచ్చి ఊరుకున్నాడు. 1785లో కేంద్ర కాంగ్రెస్‌లో (అంటే అక్కడి పార్లమెంటులో) ఏడు రాష్ట్రాలు సరేనన్నాయి. కావాల్సినవి తొమ్మిది.

గుర్తింపు రానంత మాత్రాన పాలన ఆపుతామా? గవర్నర్ సెవియరే. డబ్బు లేదు కాబట్టి జింక తోళ్ళు, బీవర్ తోళ్ళు, పంది మాంసం, తేనెమైనం, విస్కీ, ఏది తెచ్చినా పన్ను కింద జమ వేసుకుంటామని చట్టం చేశారు. ఖజానా గల్లంతైతే ఎవరు తిన్నారో, ఎవరు తాగారో వాసన చూసి చెప్పొచ్చు. ఇంత పారదర్శకమైన ఆర్థిక వ్యవస్థ ఇంకెక్కడుంది? (ఆ నేల నిజానికి అక్కడి ఆదివాసులైన చెరొకీలదని కొందరు గిట్టనివాళ్ళు గుర్తుచేస్తారు. దానికీ విరుగుడుంది: అదే ఏడాది డంప్లిన్ క్రీక్ దగ్గర కొందరు చెరొకీ పెద్దల్ని కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాయించారు. ఒప్పుకోని చెరొకీల ఊళ్ళ సంగతి చూడ్డానికి తుపాకులు ఎటూ ఉన్నాయి.)

ఒకే ఊళ్ళమీద రెండు ప్రభుత్వాలు, రెండు కోర్టులు. నార్త్ కరొలైనా తరఫున జాన్ టిప్టన్ అనే పెద్దమనిషి. 1788 ఫిబ్రవరిలో పన్ను బాకీ కింద సెవియర్ బానిసల్ని జప్తు చేసి టిప్టన్ ఇంటికి తోలుకుపోయారు. గవర్నర్ గారు వంద మందికి పైగా మనుషులతో వెళ్ళి మంచులో ఆ ఇంటిని ముట్టడించారు. స్వపరిపాలన కోసం పుట్టిన రాష్ట్రం తన చివరి యుద్ధాన్ని గవర్నర్ గారి బానిసలు ఎవరి దొడ్లో ఉండాలన్న విషయం మీద చేసింది. చేసి, ఓడింది. గవర్నర్ గారి కొడుకులిద్దరు శత్రువుకి దొరికిపోయారు. టిప్టన్ వాళ్ళని ఉరితీద్దామనుకుని, నలుగురూ చెప్పాక వదిలేశాడు.

ఆ ఏడాదే సెవియర్ సాయం కోసం స్పెయిన్ రాయబారికి ఉత్తరాలు రాశాడు. ఆ ఏడాదే రాజద్రోహం కింద అరెస్టయ్యాడు. విచారణకి మోర్గన్‌టన్ తీసుకెళితే, కొడుకులూ స్నేహితులూ వచ్చారు, ఆయన వాళ్ళతో గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. అంతే. విచారణ లేదు, శిక్ష లేదు.

కుర్రాళ్ళూ, ఇక్కడ నోట్సు రాసుకోండి. 1789లో, అంటే మరుసటి ఏడాదే, ఏ నార్త్ కరొలైనాకి ద్రోహం చేశాడో ఆ నార్త్ కరొలైనా సెనేట్‌కే ఎన్నికయ్యాడు. క్షమాభిక్ష దొరికింది. ఆ తర్వాత కేంద్ర కాంగ్రెస్. 1796లో టెనెసీ 16వ రాష్ట్రంగా పుట్టగానే గవర్నర్ కుర్చీ. రెండేళ్ళ పదవి మూడుసార్లు. వరసగా అంతకు మించి కూడదని రాజ్యాంగం అడ్డుపడితే రెండేళ్ళు పక్కన కూర్చుని, మళ్ళీ వచ్చి ఇంకో మూడుసార్లు.

ఆ రెండో రాక ముందు ఆండ్రూ జాక్సన్ (అవును, తర్వాత అధ్యక్షుడైన ఆ జాక్సనే) సెవియర్ భూముల కాగితాల్లో మోసముందని ఆధారాలు బయటపెట్టించాడు. జనం తీరిగ్గా విని, సెవియర్‌నే గెలిపించారు. 1803లో నాక్స్‌విల్‌లో ఇద్దరూ నడిబజార్లో తిట్టుకున్నారు. సెవియర్ జాక్సన్ పెళ్ళి సంగతి (భార్యకి మొదటి భర్తతో విడాకులు కాకముందే పెళ్ళాడాడన్న నింద) ఎత్తాడు. తుపాకుల ద్వంద్వయుద్ధానికి పిలుపులు వెళ్ళాయి. తీరా ఎదురుపడ్డాక సెవియర్ గుర్రం పిస్తోళ్ళతో సహా పారిపోయింది, స్వాతంత్ర్య పోరాటంలో కింగ్స్ మౌంటెన్ యుద్ధ వీరుడైన సెవియర్ చెట్టు చాటుకి చేరాడు. ఎవరికీ గీత కూడా పడలేదు.

1815లో సెవియర్ అలబామా వైపు క్రీక్ తెగ వాళ్ళ భూమికి సరిహద్దు కొలిచే పని మీద వెళ్ళి అక్కడే పోయాడు. 1889లో అవశేషాల్ని నాక్స్‌విల్ తెచ్చి, కోర్టు ఆవరణలో పాతిపెట్టారు. మోర్గన్‌టన్‌లో బాకీపడ్డ హాజరు అక్కడ వేయించుకుంటున్నాడు.